లితో రెసిడెన్సీలో రాయి నిండిపోతోంది, పైగా నేను గీయని గీత ఒకటి కనిపిస్తోంది

సిరిసిల్ల_నూలు · మే 14, రాత్రి 11:20

అందరికీ నమస్తే. నాది పెయింటింగ్, లితో (రాయి మీద గీసి అచ్చు తీయడం) చేయడం ఇదే మొదటిసారి. బరోడాలో ఒక షేర్డ్ స్టూడియోలో ఐదు వారాల రెసిడెన్సీకి (అక్కడే ఉండి పనిచేసుకోవడానికి) వచ్చాను. (స్టూడియో పేరు అడగొద్దు, పొద్దున్నే మళ్లీ అక్కడికే వెళ్లాలి.) ఆర్టిస్టులం ఆరుగురం, ప్రెస్ ఒక్కటే. వంతుల లెక్కన స్లాట్లు.

నా బొమ్మ రాత్రి షిఫ్టులో మరమగ్గాల షెడ్డు. పైన ట్యూబ్‌లైటు, కింద మగ్గాల సందుల్లో చిక్కటి చీకటి. ఆ చీకటంతా క్రేయాన్‌తో నాలుగు రోజులు గీశాను. నూలు పోగులు మాత్రం తెల్లగా వదిలాను. రాయి బూడిద రంగుది, 45×60 సెంటీమీటర్లు. ఇద్దరు పట్టుకుంటే గానీ లేవదు.

ప్రూఫులు, అంటే ట్రయల్ ప్రింట్లు, చాలా బాగా వచ్చాయి. అసలు ఎడిషన్ (నంబర్లు వేసే ఒకేలాంటి ప్రింట్లు) మొదలుపెట్టాక ఆరో ప్రింటు నుంచి పోగుల మధ్య సిరా నిండటం మొదలైంది. పదో ప్రింటుకి పోగులే లేవు, నల్ల గుడ్డ పరిచినట్టుంది. ఆపేసి, బంక పూసి, రాయిని అలాగే ఉంచాను.

ఇంకోటి. ట్యూబ్‌లైటు పక్కన లేత బూడిద భాగంలో ఏడో ప్రింటులో ఒక వంకర గీత కనిపించింది. గేదె కొమ్ములా ఉంది. ఒట్టు, నేను గీయలేదు!

ఇంకా ఆరు రోజులే ఉన్నాయి. ఫారంలో ఎడిషన్ 20 అని రాసిచ్చాను. నిద్ర పట్టడం లేదు.

కర్రచెక్కు · మే 14, రాత్రి 11:48

నాది వుడ్‌కట్ (చెక్క మీద చెక్కి అచ్చు తీయడం), లితో జోలికి పోను. ఆ కొమ్ము మాత్రం మీకన్నా ముందు ఆ రాయి మీద గీసినవాళ్లది. రాయి సరిగా నూరలేదు, పాత బొమ్మ పూర్తిగా పోలేదు. మిగతాది పెద్దవాళ్లు చెబుతారు.

నల్లసిరా_వడోదర · మే 15, ఉదయం 6:35

ముందు నాలుగు ప్రశ్నలు. బంకలో నైట్రిక్ ఆసిడ్ ఎన్ని చుక్కలు వేశావు? చీకటి భాగానికీ వెలుతురు భాగానికీ ఒకటే ఎచ్, అంటే ఆ ఆసిడ్ బంక, పెట్టావా? ప్రింటు తీసేటప్పుడు తల మీద ఫ్యాన్ తిరుగుతోందా? రాయి ఎన్ని సార్లు నూరావు? నిజం చెప్పు తల్లీ, ఇక్కడ మార్కులు వేసేవాళ్లెవరూ లేరు.

సిరిసిల్ల_నూలు · మే 15, ఉదయం 7:10

చెప్తాను అన్నా. 30 మిల్లీలీటర్ల బంకకి ఆరు చుక్కలు, రాయంతా ఒకే ఎచ్. ఎక్కువైతే గీతలు తినేస్తుందని భయం. ఫ్యాన్ ఫుల్ స్పీడులో ఉంది. బరోడాలో మే నెల ఎలా ఉంటుందో మీకు తెలియంది కాదు. నూరడం అంటే 80 నంబరు గరుకు పొడి ఒకసారి, 180 రెండు సార్లు, 220 రెండు సార్లు. తొట్టి దగ్గర వెనకాల ఇంకో ఇద్దరు రాళ్లు పెట్టుకుని నిలబడ్డారు, అందుకే తొందరపడ్డాను.

నల్లసిరా_వడోదర · మే 15, ఉదయం 8:02

సరే, దొంగలందరూ దొరికారు.

ముందు ఫ్యాన్. లితోలో ఉన్నదంతా ఒకటే సంగతి: జిడ్డుకి నీళ్లు పడవు. గీసినచోట జిడ్డు, గీయనిచోట పల్చటి తడి. ఆ తడి ఉన్నంతసేపే రోలర్ మీది సిరా అక్కడ అంటుకోదు. స్పాంజితో నువ్వు తడిపి రోలర్ అందుకునేలోపు ఫ్యాన్ గాలికి సగం ఆరిపోతోంది. పోగులంటే సన్న తెల్ల గీతలు కదా, ముందు ఆరేవి అవే. పైగా ఈ ఎండకి సిరా కూడా మెత్తబడుతుంది. మెత్తటి సిరా ఖాళీ ఎక్కడుంటే అక్కడికి పాకుతుంది.

రెండోది ఎచ్. గీయనిచోట తడి నిలిచేలా చేసేది అదే. ముదురు క్రేయాన్ దట్టంగా ఉన్నచోట బూడిద రాయి మీద ఆరు చుక్కలు చాలవు. బూడిద రాయి గట్టిది, పసుపుపచ్చ రాయి కన్నా ఎక్కువ పుల్లదనం తట్టుకుంటుంది. నేనైతే ఆ చీకటి మీద పన్నెండు, పద్నాలుగు చుక్కల దాకా వెళ్తాను, వెలుతురు భాగంలో ఒట్టి బంకే. చుక్కల లెక్క రాయిని బట్టి, ఆసిడ్‌ని బట్టి మారుతుంది, నా అంకె పట్టుకుని గుడ్డిగా పోవద్దు. రాయి అంచున ఒక చుక్క వేసి చూడు. ఈనో పొంగినట్టు బుస్సుమంటే ఎక్కువైనట్టు. మెల్లగా బుడగలు లేస్తే సరిపోయినట్టు.

ఇప్పుడు చేయాల్సింది. బంక పొర ఎండి ఉంది కదా, దాన్ని కడగకు. దాని మీదే టర్పెంటైన్‌తో పాత సిరా అంతా తుడిచెయ్. బొమ్మ మాయమైనట్టు కనిపిస్తుంది, గాభరా పడకు, రాయిలో ఉంటుంది. ఆస్ఫాల్టమ్ (తారు లాంటి జిడ్డు ద్రవం) పల్చగా రుద్ది, ఆరాక నీళ్లతో బంక కడిగి, గట్టి సిరాతో, అంటే మెగ్నీషియం కార్బొనేట్ కలిపి బిగించిన సిరాతో, రోలర్ మీద కొంచెమే పెట్టుకుని మెల్లగా ఎక్కించు. పోగులు వాటంతట అవే తెరుచుకోవాలి. తెరుచుకున్నాక ఆరబెట్టి, రోజిన్ పొడి, ఆపైన టాల్కం అద్ది, కొత్త ఎచ్ పెట్టు. రాత్రంతా వదిలెయ్. ఇంకా మూసుకునే ఉన్న పోగుల్ని మటుకు సూదితో గీకు. రాయి మీద గీకడం తప్పేం కాదు.

ఫ్యాన్ ఆపు. చెమట పడితే తువ్వాలు కట్టుకో. చెమట చుక్క రాయి మీద పడినా జిడ్డే.

పాతప్రెస్ · మే 15, మధ్యాహ్నం 1:15

నల్లసిరా గారు చెప్పిందానికి వంక పెట్టేది లేదు. ఒక్క మాట కలుపుతాను. స్పాంజి నీళ్లకి రెండు గిన్నెలు పెట్టుకోండి, ఒకటి కడగడానికి, ఒకటి తడపడానికి. తడిపే గిన్నెలో కొంచెం బంక వేయండి. మా మేస్త్రి ఆ గిన్నెలో ఎవరైనా వేలు పెడితే చెయ్యి మీద కొట్టేవాడు.

నేను 1970ల్లో మద్రాసులో సినిమా పోస్టర్లు వేసే ప్రెస్‌లో కుర్రాణ్ణి. అప్పటికే రాళ్లు పోయి జింకు ప్లేట్లు వచ్చేశాయి, కానీ గోడౌన్‌లో పాత రాళ్లు వరసగా నిలబెట్టి ఉండేవి. మా మేస్త్రి రాళ్ల కాలం మనిషి. రాయి మీద నేరుగా అచ్చు తీస్తే అంతా తిరగబడుతుంది కాబట్టి అక్షరాలు అద్దంలో చూసినట్టు రాయాలి. ఆయన తెలుగు అక్షరాలు కుడి నుంచి ఎడమకి మామూలు వేగంతో రాసేవాడు. గుండ్రాలకి ఏం కాదురా, ఒత్తుల దగ్గరే ప్రాణం పోతుంది అనేవాడు. ‘స్త్రీ’ అని తిరగేసి రాసి చూడండి, తెలుస్తుంది.

మామూలు_మనిషి · మే 15, సాయంత్రం 4:40

మధ్యలో దూరుతున్నందుకు తిట్టుకోకండి. ఇంత కష్టపడి పదకొండో, ఇరవయ్యో ప్రింట్లు తీసే బదులు మంచి ప్రింటర్‌లో స్కాన్ చేసి కొట్టుకుంటే పోదా? వెటకారం కాదు, నిజంగానే అడుగుతున్నా.

కర్రచెక్కు · మే 15, సాయంత్రం 5:05

ఈ ప్రశ్నకి నేను జవాబివ్వను, బీపీ పెరుగుతుంది.

మేడమీద_స్టూడియో · మే 15, రాత్రి 9:30

నేనిస్తా. స్కాన్ ప్రింటు అంటే బొమ్మ ఎక్కడో ఉంది, దాని ఫోటో ఇది. లితోలో వేరే ఒరిజినల్ అంటూ లేదు. క్రేయాన్ రాయి మీద నడుస్తుంటే రాయి గరుకు మీది మొనలకే అంటుకుంటుంది, గుంటల్లో తెల్లగా ఉండిపోతుంది. ఆ రవ్వరవ్వ ఆకృతి కాగితం మీద గీసినా అలాగే రాదు. దీన్ని కనిపెట్టిన సెనెఫెల్డర్ ఆర్టిస్టు కూడా కాదు, జర్మనీలోని బవేరియాలో నాటకాలు రాసుకునేవాడు. సొంత నాటకాలు చవగ్గా అచ్చేసుకునే దారి వెతుకుతూ 1790ల చివర్లో ఇది పట్టుకున్నాడు. చేతికి కాగితం దొరక్క చాకలి పద్దు రాయి మీద రాశానని ఆయనే చెప్పుకున్నాడు. అంటే మొదట్లో ఇదీ జిరాక్స్ లాంటి అవసరమే! దాన్ని చేతిపనిగా మార్చింది తర్వాతివాళ్లు. ఫ్రెంచ్ చిత్రకారుడు తులూజ్ లోత్రెక్ అయితే టూత్‌బ్రష్‌తో సిరా చిలకరించి పోస్టర్లు చేశాడు.

మీ ఇంట్లో పాత దేవుడి పటాలు ఏవైనా ఉన్నాయా? రవివర్మ 1894లో బొంబాయిలో పెట్టిన ప్రెస్‌లో లక్ష్మి, సరస్వతి పటాలు వేసింది ఈ పద్ధతిలోనే. ఒక్కో రంగుకి ఒక్కో రాయి. తర్వాత ప్రెస్‌ని లోనావలా దగ్గర మలవ్లీకి మార్చారు, చివరికి అక్కడ పనిచేసే జర్మన్ టెక్నీషియన్ ఫ్రిట్జ్ ష్లైషర్‌కే అమ్మేశారు. భూతద్దం పెట్టి చూడండి. చుక్కలు అడ్డదిడ్డంగా, చేత్తో పెట్టినట్టుంటే రాతి అచ్చు. పువ్వుల్లా వరసగా ఉంటే ఆఫ్‌సెట్, అంటే ఇప్పటి మెషీన్ అచ్చు.

మామూలు_మనిషి · మే 15, రాత్రి 9:52

మా అమ్మమ్మ వాళ్ల పూజగదిలో ఒక లక్ష్మీదేవి ఉంది, చట్రం అంతా చెదలు పట్టింది. ఆదివారం తెనాలి వెళ్తున్నా, చూసి చెప్తా.

గోదారి_గట్టు · మే 16, ఉదయం 10:12

మన తెలుగువాళ్లలో లితోకి కృష్ణారెడ్డి గారే కదా ఆద్యుడు? చిత్తూరు జిల్లా వ్యక్తి, పారిస్ వెళ్లి పేరు తెచ్చుకున్నారు.

మేడమీద_స్టూడియో · మే 16, ఉదయం 10:40

ఆయన ప్రింట్‌మేకర్ అన్నంతవరకూ రైటు, పేరు తెచ్చింది మాత్రం లితో కాదు. 1925లో పుట్టి, శాంతినికేతన్‌లో చదివి, పారిస్‌లో హేటర్ నడిపిన ఆత్లియే 17 అనే ప్రింట్ స్టూడియోలో పనిచేశారు. ఒకే లోహపు ప్లేటు మీద రకరకాల లోతులు చెక్కి, పల్చటి సిరాలు, చిక్కటి సిరాలు, మెత్తటి రోలర్, గట్టి రోలర్ వాడి ఒక్క దెబ్బలో అన్ని రంగులూ తీయడం ఆయన పద్ధతి. శిల్పి కాబట్టి ప్లేటుని కూడా శిల్పంలాగే చెక్కేవారు. 2018లో న్యూయార్క్‌లో పోయారు. మెదక్ జిల్లా నిజాంపూర్ నుంచి వచ్చిన లక్ష్మా గౌడ్ గారికీ ఎక్కువ పేరు ఎచింగ్‌లోనే (లోహపు ప్లేటుని ఆసిడ్‌తో తినిపించి అచ్చు తీయడం). ఆయన 1960ల్లో చదివింది ఈ బరోడాలోనే.

లితోలో మనవాళ్లు తక్కువగా కనిపించడానికి కారణం అభిరుచి కాదని నా అనుమానం. ఎచింగ్ ప్లేటు సంచిలో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్లొచ్చు. ఈ బండరాయిని ఎవరు మోస్తారు?

గోదారి_గట్టు · మే 16, ఉదయం 10:58

ఓహో, థాంక్స్. అయితే ఇంకో డౌటు. ఈ లితో రాయి జర్మనీ నుంచి వచ్చే సున్నపురాయే కదా. జర్మనీ నుంచే ఎందుకు? మన తాండూరులో లేదా? బేతంచెర్లలో లేదా? ఇంటి అరుగు మీద గీసేసుకోవచ్చుగా.

నల్లసిరా_వడోదర · మే 16, మధ్యాహ్నం 12:20

నవ్వకండి, నేను ఈ పని చేశాను. కాలేజీ రోజుల్లో తాండూరు పలక ఒకటి తెచ్చి, రెండు రోజులు నూరి, గీసి, ఎచ్ పెట్టాను. బొమ్మ పట్టింది కూడా. కానీ పలకలో పొరలున్నాయి, నూరుతుంటే ఒక మూల పెచ్చు లేచింది. రెండో ప్రింటుకి ప్రెస్ మీద టప్‌మని రెండు ముక్కలు. రెండు మూడు సెంటీమీటర్ల మందం రాయిని నొక్కే ప్రెస్ స్క్రేపర్ ఒత్తిడికి ఏం ఆగుతుంది? బవేరియాలో సోల్న్‌హోఫెన్ రాయి ప్రత్యేకత ఏంటంటే రేణువు ఎంతో సన్నం, అంతటా ఒకేలా ఉంటుంది, మందంగా దొరుకుతుంది. మా స్టూడియోల్లో ఉన్నవి చాలావరకు పాత ప్రెస్సులు మూతబడ్డప్పుడు కొన్నవే. అవి అరిగిపోతే మళ్లీ తెచ్చుకోవడం తేలిక కాదు. అందుకే చాలామంది అల్యూమినియం ప్లేట్లకి మారిపోతున్నారు.

ముక్కలైన ఆ పలక మా ఇంట్లో తులసికోట పక్కన ఉంది. మా ఆవిడ దాని మీద ముగ్గు వేస్తుంది.

రాయి_కాగితం · మే 16, సాయంత్రం 6:03

ఆగండి ఆగండి. సిరిసిల్ల గారూ, కొమ్ము అన్నారు కదా! నేను జనవరిలో బరోడాలోనే ఒక షేర్డ్ స్టూడియోలో గేదెల సిరీస్ చేశాను. ఆ దెయ్యపు గీత నాదేనేమో! పై నుంచి కుడి పక్కన, కిందికి వంగి ఉందా?

సిరిసిల్ల_నూలు · మే 16, రాత్రి 10:15

అయ్యో, అవునండీ, కుడి పక్కే! మీది ఏ రాయి?

రాయి_కాగితం · మే 16, రాత్రి 10:21

పసుపుపచ్చ రాయి. ఒక మూల విరిగి ఉండేది.

సిరిసిల్ల_నూలు · మే 16, రాత్రి 10:24

నాది బూడిద రాయి. మూలలన్నీ బాగానే ఉన్నాయి :(

కర్రచెక్కు · మే 16, రాత్రి 10:30

పైగా రాయి మీద కుడి వైపు గీస్తే కాగితం మీద ఎడమకి వస్తుంది. ఇద్దరూ కాగితం సంగతి చెబుతున్నారా, రాయి సంగతా?

రాయి_కాగితం · మే 16, రాత్రి 10:33

కాగితం. సరేలెండి, నాది కాదు. కాసేపు సంతోషపడ్డాను.

పాతప్రెస్ · మే 16, రాత్రి 11:10

ఎవరిదైతేనేం. జిడ్డు రాయి లోపలికి దిగుతుంది, పైన శుభ్రంగా కనిపించినా కింద ఉంటుంది. మీ ఎచ్ బలంగా ఉంటే పైకి లేచేది కాదు. బలహీనంగా ఉంది కాబట్టి రోలర్ పడినకొద్దీ సిరా పోగేసుకుని లేచింది. అంటే రెండు జబ్బులకీ మూలం ఒకటే. ఆ గీత మీద మటుకు సన్న బ్రష్‌తో గట్టి ఎచ్ పెట్టండి. పోతుంది.

మేడమీద_స్టూడియో · మే 17, ఉదయం 9:05

నన్నడిగితే ఆ గీతని ఉంచేయమంటాను. షెడ్డు రాత్రిలో ఎవరో తెలియని మనిషి గీత. అదృష్టం అనుకోవాలి.

నల్లసిరా_వడోదర · మే 17, ఉదయం 9:31

ఒప్పుకోను. మొదటి ఐదు ప్రింట్లలో అది లేదు. ఎడిషన్ అంటే ఒకదానికొకటి సరిపోవాలి. అన్నింట్లోనూ ఉంటే కవిత్వం. కొన్నిట్లోనే ఉంటే నూరడం చేతకాలేదని అర్థం.

సిరిసిల్ల_నూలు · మే 17, రాత్రి 11:40

ఈ రోజు చేసింది రాస్తున్నాను. టర్పెంటైన్‌తో తుడిచినప్పుడు నిజంగానే బొమ్మ మొత్తం పోయింది. రాయి మీద లేత గోధుమ రంగు మరక తప్ప ఏమీ లేదు. కాళ్లు వణికాయి. రోలర్ నాలుగోసారి వెళ్లినప్పుడు ముందు ట్యూబ్‌లైటు చట్రం కనిపించింది, తర్వాత మగ్గాలు. పదో సారికి పోగులు ఒక్కొక్కటిగా విడిపడటం కళ్లారా చూశాను. మా నాన్న చిక్కుపడ్డ పోగు నోటితో తడిపి విడదీసేవాడు, అది గుర్తొచ్చింది. ఏడు పోగులు మాత్రం తెరుచుకోలేదు, సూదితో గీకాను. చీకటికి పన్నెండు చుక్కలు, కొమ్ము మీద విడిగా. ఫ్యాన్ ఆపితే స్టూడియోలో ముగ్గురికి కోపం వచ్చింది. స్పాంజి పట్టే అబ్బాయి మాత్రం తలకి తువ్వాలు చుట్టుకుని నవ్వుతూ నిలబడ్డాడు.

ఇప్పుడు ఇంకో ప్రశ్న. కాగితాలు 20 లేవు. పాడైనవి పోను, రేపు అన్నీ సరిగా వచ్చినా మొత్తం 15 దాటవు. ఫారంలో 20 అని రాసిచ్చాను కదా?

మేడమీద_స్టూడియో · మే 18, ఉదయం 7:50

ఫారం ఫారమే, ప్రింటు కింద పెన్సిల్‌తో రాసే అంకె ముఖ్యం. ఎన్ని మంచివి వస్తే అన్నింటికే నంబరు. పదకొండు వస్తే 1/11 నుంచి 11/11. చేయకూడనిది ఒక్కటే, ఇప్పుడు 1/20 అని రాసి మిగతా తొమ్మిది ఎప్పుడో తీస్తాననుకోవడం. రాయి నీది కాదు, వారంలో ఇంకొకరు నూరేస్తారు. ఆ తొమ్మిది ఎప్పటికీ పుట్టవు.

స్టూడియోకి ఎన్ని కాపీలు ఇవ్వాలో ఒప్పందంలో చూసుకో. వాటిని నంబర్లలో కలపకుండా విడిగా రాయి. ఒకటి రెండు ఏ/పీ (ఆర్టిస్టు సొంత కాపీ) ఉంచుకో.

కర్రచెక్కు · మే 18, ఉదయం 8:15

స్పాంజి అబ్బాయి సంగతేంటి? అతని పేరు ఎక్కడైనా ఉంటుందా? లేకపోతే ఆర్టిస్టు సంతకం ఒక్కటేనా?

నల్లసిరా_వడోదర · మే 18, ఉదయం 8:44

మంచి ప్రశ్న. జూన్ వేన్ 1960లో లాస్ ఏంజెలెస్‌లో పెట్టిన టామరిండ్ లితో వర్క్‌షాప్‌లో అచ్చు తీసే ప్రింటర్‌కి సొంత ముద్ర ఉంటుంది. కాగితం అంచున సిరా లేకుండా అద్దుతారు, వేలితో తడిమితే తెలుస్తుంది. అది ఇప్పుడు న్యూమెక్సికో యూనివర్సిటీలో టామరిండ్ ఇన్‌స్టిట్యూట్‌గా నడుస్తోంది. మన దగ్గర నేను చూసిన స్టూడియోల్లో ఆ అలవాటు లేదు. ప్రెస్ తిప్పినవాడికి టీ, కూలీ, అంతే. నాకిది ఎప్పుడూ నచ్చలేదు. నేను మాత్రం ప్రింటు వెనక కింద మూల పెన్సిల్‌తో వాళ్ల పేరు రాస్తాను.

గోదారి_గట్టు · మే 18, ఉదయం 9:20

కొనేవాళ్లు వెనక తిప్పి చూస్తారా అండీ?

నల్లసిరా_వడోదర · మే 18, ఉదయం 9:26

ఫ్రేము కట్టేవాడు చూస్తాడు.

సిరిసిల్ల_నూలు · మే 20, రాత్రి 8:30

అయిపోయింది. ఆ తర్వాత పది ప్రింట్లు తీశాం. మొదటి రెండూ పాలిపోయాయి, ఎనిమిది బాగున్నాయి. మొదటి రోజు ఐదుతో కలిపి పదమూడు. పదకొండింటికి నంబర్లు, ఒకటి ఏ/పీ, ఒకటి స్టూడియోకి. కొమ్ము మళ్లీ రాలేదు. అది వచ్చిన ఏడో ప్రింటు మాత్రం చింపలేదు, నా దగ్గరే పెట్టుకున్నా. వెనక స్పాంజి అబ్బాయి పేరు రాస్తుంటే స్పెల్లింగ్ తనే సరిదిద్దాడు.

షెడ్డు గోడ మీద ‘12’ అని నంబరు బోర్డు ఒకటి గీశాను, తిప్పి రాయడం మర్చిపోయాను. పదమూడు ప్రింట్లలోనూ అద్దంలో అంకెల్లా ఉంది. పాతప్రెస్ బాబాయ్, మీ మేస్త్రి చూస్తే చెయ్యి మీద కొట్టేవాడే.

సాయంత్రం రాయి నేనే నూరాను. రాయి తడిగా ఉన్నప్పుడు లోపల మగ్గాల నీడ కనిపిస్తూనే ఉంది. మళ్లీ 80 నుంచి మొదలుపెట్టాను. భుజాలు పడిపోయాయి. అంచుకీ మధ్యకీ స్టీలు స్కేలు కింద కాగితం ముక్కలు పెట్టి లాగి చూశాను, అన్నీ ఒకేలా బిగుతుగా ఉన్నాయి, అంటే రాయి చదునుగా వచ్చింది.

పాతప్రెస్ · మే 20, రాత్రి 9:02

80 ఎన్ని సార్లు?

సిరిసిల్ల_నూలు · మే 20, రాత్రి 9:05

ఐదు, బాబాయ్. వెనకాల క్యూ ఉంది, అయినా కదల్లేదు.

మామూలు_మనిషి · మే 21, ఉదయం 7:18

తెనాలి వెళ్లొచ్చాను. భూతద్దం పెట్టి లక్ష్మీదేవిని చూశాను. చుక్కలన్నీ పువ్వుల్లా వరసగా ఉన్నాయి. ఆఫ్‌సెట్టే. కింద ఏదో ఫ్యాన్సీ స్టోర్ పేరు కూడా ఉంది. అమ్మమ్మకి చెప్పలేదు. కానీ తాతయ్య గదిలో తలుపు వెనక ఇంకో పటం ఉంది, సరస్వతి, మొహం మీద చుక్కలు అడ్డదిడ్డంగా ఉన్నాయి. అద్దం తీయకుండా ఫోటో ఎలా తీయాలో ఎవరైనా చెప్తారా? వెలుతురంతా తిరిగి కొడుతోంది.